వెయ్యని ఓటు

బ్రిటన్ పార్లమెంటుకు వచ్చిననాడు నా చేతిలో ఉన్నవి రెండే. మా ఊరు న్యూలిన్ రేవులో పీతలు అమ్మి నేర్చుకున్న బేరం, మాట తప్పడన్న పేరు. మా రేవులో వేలం తలూపులతోనే సాగుతుంది. ఒకసారి తలూపి వెనక్కి తగ్గినవాడికి మర్నాడు ఎవరూ సరుకివ్వరు.

యూరప్ కూటమి నుంచి దేశం బయటపడాలని మా ఊరు ఓటేసింది, నేనూ వేశాను. పాలకపక్షంలో కూర్చున్నాను. కానీ ఆ కూటమితో బేరానికి బ్రస్సెల్స్ వెళ్ళిన మా మంత్రులు ఏం ఒప్పుకుంటున్నారో మాకే చెప్పేవారు కాదు. అడిగితే నమ్మమనేవారు. ఆ బేరాల కాగితాలు సభ్యులకు చూపించాలని ప్రతిపక్షం తీర్మానం పెట్టింది. రెండు పక్షాల బలం దాదాపు సమానం.

సభలో పాత పద్ధతి ఒకటుంది. అవతలివైపు ఒకరు రాలేకపోతే ఇవతల ఒకరు ఓటు మానుకుంటారు. దాన్ని జత అంటాం. అది నోటి మాటే. తీర్మానానికి ముందురోజు, ప్రతిపక్ష సభ్యురాలు నెరిస్ ప్రోబర్ట్ టీ గదిలో నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా పీతలాయనా, రేపు మా ఆయనకి గుండె ఆపరేషన్. కార్డిఫ్ వెళ్ళాలి. జత కడతావా?"

"కడతాను. నిశ్చింతగా వెళ్ళిరా."

"మీవాళ్ళు నిన్ను ఉడకేస్తారు."

"ఉడికించడం నా పనేలే."

నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు మా విప్ ఫెన్విక్ నన్ను నడవాలో ఆపాడు.

"హెడ్లీ, గంట కొట్టగానే మన వరసలోకి వచ్చెయ్. ఒక్క ఓటు తక్కువగా ఉంది. సమానమైతే చాలు, తీర్మానం పోతుంది."

"నేను జతలో ఉన్నాను."

"పొరపాటైందని రేపు చెప్పుకుందాం. ఎవరూ ఉరి తియ్యరు."

"ఆవిడ ఆసుపత్రిలో ఉంది."

"అందుకే కదా అడుగుతున్నా. మమ్మల్ని నమ్మవయ్యా బాబూ."

పైనున్న మంచు తీసి చూడనివ్వని చేపల పెట్టెను మా రేవులో ఎవరూ కొనరు. గంట మోగింది. అందరూ ఓటు వెయ్యడానికి ఎవరి వరసల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. నేను నదివైపు కిటికీ దగ్గర ఒక్కణ్ణే కూర్చున్నాను. ఒక్క ఓటుతో మావాళ్ళు ఓడిపోయారు.

ఆ తర్వాత నేను కూర్చున్న బల్ల దగ్గర మిగతా కుర్చీలు ఖాళీగానే ఉండేవి. ఊళ్ళో నా కొట్టు తలుపు మీద ఎవరో 'ద్రోహి' అని సుద్దతో రాశారు. వచ్చే ఎన్నికలకు పార్టీ మరొకరిని చూసుకుంది.

కాగితాలు మాత్రం బయటికొచ్చాయి. సభ్యులు ఫోను గుమ్మంలో ఇచ్చి, ఒక గదిలో కాపలా మనిషి ఎదురుగా కూర్చుని చదవాలి. పీతల గురించి వెతికాను. సరిహద్దులో ఆలస్యమైతే బతికున్న పీత దారిలోనే చస్తుందని ఉంది. అంతకుముందు మా రేవుకొచ్చిన అధికారికి ఆ ముక్క చెప్పింది నేనే. నవ్వొచ్చింది. కాపలా మనిషి తలెత్తి చూశాడు. పంచుకోవడానికి ఆ గదిలో ఇంకెవరూ లేరు.

నెరిస్ భర్త కోలుకున్నాడు. ఆమె తిరిగొచ్చిన రోజు తనవాళ్ళ మధ్య నుంచి, అంత దూరం నుంచి నా వైపు చూసి ఒకసారి తలూపింది. లేచి రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

ఇక లెక్క చూసుకుంటే, పార్టీ పోయింది, సీటు పోయింది, టీ తాగేటప్పుడు పలకరించే మనిషి లేకుండా పోయాడు. వచ్చింది ఆ తలూపు ఒక్కటే. బేరం గిట్టిందనే రాసుకున్నాను.