తివోంగె అడగాల్సిన ఒక్క ప్రశ్న

పెళ్లయి డెబ్బై రెండు రోజులైంది. ఇంకా లెక్కపెడుతున్నానని మా ఆయన నవ్వుతాడు. ఆయన పేరు నోటితో చెప్పకూడదని మా అత్త లక్ష్మీదేవమ్మ మొదటి రోజే చెప్పింది. రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను: నందీష్. సోలార్ పార్కు కంట్రోల్ రూములో పని. పొద్దున నన్ను బండి మీద దింపి డ్యూటీకి పోతాడు. నేను పనిచేసే చోటు మా ఇంటికి నడిస్తే పది నిమిషాలే. అయినా బండెక్కి, వల్లూరు దారిన ప్యానెళ్ల వరసల పక్కగా ఒక చుట్టు తిరిగి పోతాం. ఎందుకని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

నా పని మా అత్తగారి ఊరు బలసముద్రంలోనే, ఒక అద్దె భవనంలో. సౌరవిద్యుత్తులో డిగ్రీ చేయడానికి వచ్చే విదేశీ పిల్లలకు బెంగళూరు కాలేజీ ఒకటి అక్కడ తొమ్మిది నెలల సన్నాహక కోర్సు నడుపుతోంది. లెక్కలు, ఫిజిక్సు, ఇంగ్లీషు, కొంచెం కన్నడ, వారానికి రెండు రోజులు పార్కులో పని. ఇందులో పాసైతేనే బెంగళూరులో సీటు. ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన కోడలు ఊళ్లోకి వచ్చిందని విని, కోర్సు చూసుకునే శ్రీనివాస సార్ మా ఇంటికే వచ్చి అడిగారు. మా మామ చిన్నన్న ఒక్క మాటే అన్నాడు: "పిల్ల ఒప్పుకుంటే మాదేముండాదప్పా."

విద్యార్థులు పదకొండు మంది. నేపాల్, భూటాన్, టాంజానియా, మాలావి నుంచి వచ్చినవాళ్లు. నేను చేరేసరికే వాళ్లు వచ్చి ఏడు నెలలైంది. బకెట్టు నీళ్లతో స్నానం, నీళ్లు లేని రోజున చేసుకోవాల్సిన సర్దుబాటు, ఎదురైన వాళ్లందరినీ భోజనమైందా అన్నట్టు కన్నడంలో "ఊట ఆయ్తా" అని పలకరించడం, అన్నీ వాళ్లకు అలవాటైపోయాయి. నిడుగల్లు నుంచి కోడలిగా వచ్చిన నాకన్నా వాళ్లే ఊరికి పాత. ఏ అంగట్లో కొత్తిమీర వాడిపోకుండా ఉంటుందో నాకు చెప్పింది భూటాన్ నుంచి వచ్చిన పెమా. ఆ కట్ట ఇంటికి తెచ్చినప్పుడు మా అత్త, "పర్వాలేదే, తొందరగానే కనిపెట్టినావే" అని మెచ్చుకుంది. ఎవరు చెప్పారో నేను చెప్పలేదు.

అందరిలో నన్ను కలవరపెట్టింది తివోంగె. మాలావిలో ఉత్తరం వైపు ఒక పల్లె నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల పిల్ల. తలనిండా సన్నసన్న జడలు. రాత పరీక్షల్లో ఎప్పుడూ తనే మొదటిది. కానీ క్లాసులో నోరు విప్పదు. ప్రశ్న వేస్తే నేల చూస్తుంది. నోటుపుస్తకం ఇచ్చేటప్పుడు మోకాలు వంచి, కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకొని ఇస్తుంది. హాస్టల్లో అందరికన్నా వాగుడుకాయ అదేనని మిగతావాళ్లు చెబుతారు. మా ముందుకొస్తే మాత్రం మాట లేదు.

చివరి పరీక్షల్లో ఒకటి మాట్లాడే పరీక్ష. సోలార్ గురించిన ఏదైనా సంగతి ఈ ఊరి రైతుకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆయన అడిగినవాటికి జవాబివ్వాలి. చివర ఆయన్ను తన సొంత ప్రశ్న ఒక్కటైనా అడగాలి. అడగకపోతే మిగతా మార్కులు ఎన్నొచ్చినా ఫెయిలే. ఈ నియమం పెట్టింది బెంగళూరు కాలేజీ నడిపే ధనశ్రీ మేడమ్. అడగడం రానివాళ్లు ఇంజనీరు కాలేరని ఆమె నమ్మకం. మార్చిలో ఆమె ముందు తివోంగె ఐదు నిమిషాలు నిలబడి, ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేసింది. ఇక మిగిలింది జూన్ రెండో శనివారం, ఒకే ఒక్క అవకాశం. అదీ పోతే సీటు పోతుంది, పిల్ల ఇంటిదారి పట్టాలి.

నేను నెలంతా తంటాలు పడ్డాను. అద్దం ముందు నిలబెట్టాను. "నా కళ్లలోకి చూసి చెప్పు" అన్నాను. తన చూపు నా చెవి కమ్మల దాకా వచ్చి ఆగిపోయేది.

"మా ఊళ్లో పెద్దవాళ్ల కళ్లలోకి చూస్తే పోట్లాటకు వచ్చిందంటారు మేడమ్" అంది ఒకరోజు, నా చెప్పులకు చెబుతున్నట్టు. "ఇక పెద్దవాళ్లను ప్రశ్న అడగడమంటే, మీరు సరిగా చెప్పలేదు అని మొహాన అన్నట్టే."

"ఇక్కడ అలా కాదు తివోంగె. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాను, పెద్ద టీచరమ్మలాగా.

ఆ ఆదివారం తనను ఇంటికి పిలిచాను. పంచలో కుర్చీల్లో కూర్చొని కబుర్లాడుతున్నాం. వాకిట్లో మా మామ చెప్పుల చప్పుడైంది. నేను లేచి, కొంగు సర్దుకొని, వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాను. ఆలోచించి చేసింది కాదు. ఆయన చెంబెడు నీళ్లు తాగి, తివోంగెను "బాగుండావామ్మా" అని పలకరించి లోపలికి పోయాడు. తివోంగె నా ఖాళీ కుర్చీ వంక చూసింది, నా వంక చూసింది.

"ఇక్కడ అలా కాదన్నారు కదా మేడమ్."

ఇద్దరం నోటికి చేతులు అడ్డం పెట్టుకొని నవ్వాం. మా అత్త వంటింట్లోంచి వచ్చి, "ఏందిమే ఆ ఇకిలింపు? చేతులు ఊరికే ఉంటే నవ్వులే వస్తాయి" అని మా ఇద్దరి మధ్య శనక్కాయల గంప దించింది.

పొలంలో ఎక్కువ భాగం పార్కుకు లీజుకిచ్చేశారు. ఊరి పక్క రెండెకరాలు మాత్రం మా మామ ఉంచుకున్నాడు. ఏటా అందులో శనక్కాయే. విత్తనం కాయలు మిషనుకు పోస్తే పప్పు దెబ్బతింటుందని మా అత్త చేత్తోనే ఒలిపిస్తుంది. విత్తే ముందు పది రోజులు ఇంటికి ఎవరొచ్చినా ఒక చేట తప్పదు.

తివోంగె గంపను చూసి, చిన్నప్పటి స్నేహితురాలు ఎదురైనట్టు నవ్వింది. చాప మీద కాళ్లు చాపి కూర్చొని, బొటనవేలితో కాయ కొన నొక్కింది. టక్. రెండు గింజలు, పైతోలు చెదరకుండా, చేటలో పడ్డాయి. నేను నాలుగు ఒలిచేలోపు తను పది ఒలిచింది.

"వాళ్ల దేశంలో గూడా శనక్కాయ ఉండాదా?" అంది మా అత్త.

నేను అడిగాను. అంతే. కాయల వంకే చూస్తూ, వేళ్లు ఆడిస్తూ తివోంగె మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్లమ్మ కాయలు ఎండబెట్టే తీరు, దంచి కూరలో వేసే పొడి, వాన రాకముందే విత్తి నష్టపోయిన పెదనాన్న. నేను తెలుగులో చెబుతుంటే మా అత్త ఎదురు ప్రశ్నలు వేసింది. తివోంగె అన్నిటికీ జవాబిచ్చింది. గంటన్నర. తల ఒక్కసారీ ఎత్తలేదు, మాట ఒక్కసారీ ఆగలేదు.

మర్నాడు శ్రీనివాస సార్ దగ్గరికి పోయి, పరీక్ష మా ఇంటి పంచలో పెట్టమని అడిగాను. రైతుగా మా మామ కూర్చుంటాడన్నాను.

"ఇంట్లో పరీక్షేంటి మేడమ్?"

"రైతుకు అర్థమయ్యేలా చెప్పాలన్నారు కదా సార్. రైతు ఉండేది ఇంట్లోనే కదా."

ఆయన గడ్డం గోక్కొని, ధనశ్రీ మేడమ్‌కు ఫోను చేసి, చివరికి సరే అన్నారు. సాయంత్రం ఇదంతా చెబితే మా ఆయన అన్నాడు: "మా నాయన ఒప్పుకున్నాడా?" అప్పుడు గుర్తొచ్చింది, ఆయన్ను అడగనే లేదని. ఆ పని మా ఆయనకే అప్పజెప్పాను. భర్త ఉన్నందుకు ఇలాంటి సుఖాలు చాలా ఉన్నాయి.

శనివారం పది గంటలకు జీపు వచ్చి ఆగింది. శ్రీనివాస సార్, ధనశ్రీ మేడమ్ దిగారు. వెనక తివోంగె. నేను కుర్చీలు తుడిచి పెట్టాను. మా అత్త వాటి వంకైనా చూడకుండా చాప పరిచి, తలా ఒక చేట పెట్టింది.

"ఇదేంటమ్మా?" అంది మేడమ్.

"శనక్కాయలు. వానకు పదును పడినాది, సోమవారం విత్తాల. ఈ దినాల్లో మా ఇంట్లో ఎవురూ ఊరికే కూకోరు."

"నాకు ఒలవడం రాదమ్మా."

"కాలేజీ నడిపేదానివి, నీకిదెంత? బొటనేలితో కొన నొక్కు. పగిలిన పప్పు మటుకు విత్తనానికి పనికిరాదు, నోట్లో ఏసుకో."

ఆ చివరి మాట శ్రీనివాస సార్‌కు బాగా నచ్చింది. ఆయన చేటలో గింజలు పరీక్ష అయ్యేదాకా పెరగనేలేదు.

మా మామ స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. తివోంగె మోకాలు వంచి ఆయనకు దండం పెట్టి, చాప మీద కూర్చుంది. చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పడం నా పని. మేడమ్ గడియారం చూసి, మొదలుపెట్టమంది. తివోంగె చేట దగ్గరికి లాక్కుంది. ఒక కాయ తీసుకుంది. ఇంకోటి. మూడోది ఒలుస్తూ మొదలుపెట్టింది.

సోలార్ అద్దం లోపల కంటికి కనిపించని గింజలుంటాయి. వెలుగు తగిలితే అవి గూట్లోంచి ఊడివస్తాయి. అన్నీ ఒకవైపే దొర్లేలా అద్దాన్ని తయారుచేస్తారు. తివోంగె చేట వంచింది, గింజలు అంచుకు దొర్లాయి. ఆ దొర్లడమే కరెంటు.

"ఇన్నేండ్లుగా దొర్లతా ఉంటే గింజలు అయిపోవా?" అన్నాడు మా మామ.

"అయిపోవు. తిరిగి తిరిగి మళ్లీ అదే గూటికి చేరతాయి."

"గొర్రెల మాదిరి."

"అవును, గొర్రెల మాదిరి."

"దుమ్ము పడితే?"

"పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ఎండలో కడిగితే పగలొచ్చు."

"అది నాకు తెలుసు. నీకు తెలుసునా అని అడిగితి" అన్నాడు మా మామ. మేడమ్ తల వంచుకొని నవ్వు దాచుకుంది.

ఇక ఆయన దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. తివోంగె వంతు.

పంచంతా టక్ టక్ మని కాయల చప్పుడే. ఒక నిమిషం. రెండు. శ్రీనివాస సార్ నమలడం ఆపేశారు. మేడమ్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. అడుగు, ఏదో ఒకటి అడుగు, ఎన్ని ఎకరాలని అడిగినా చాలు అని నేను లోలోపల మొక్కుకుంటున్నాను.

తివోంగె చాలా మెల్లగా అడిగింది.  ఆ మాట ఇప్పుడు నా నోటితో మా మామను అడగాలి. డెబ్బై రెండు రోజుల్లో "కాఫీ పెట్టేదా మామా" తప్ప నేను ఆయన్ను అడిగింది లేదు. చేట వంకే చూస్తూ అన్నాను:

"మీ పొలంలో అద్దాలు పెట్టిన మొదటి సంవత్సరం, పొద్దున్నే లేచి మీరు యాడికి పోతా ఉంటిరి, అని అడగతా ఉండాది మామా."

ఆయన చేతులు ఆగాయి. ఎవరి వంకా చూడలేదు. మళ్లీ ఒక కాయ తీసుకున్నాడు.

"ఆడికే" అన్నాడు. "ఆడికే పోతా ఉంటి. లోపలికి పోనీరు గదా, కంచె బయట నిలబడి చూసి వస్తా ఉంటి. కావలికి మారెప్ప ఉండె. దినామూ, ఏమప్పా చిన్నన్నా, డ్యూటీకి వచ్చినావా అనేవాడు. తొలుత ఎగతాళికి అనె. తర్వాత టీ పోసె."

మా అత్త చేట కింద పెట్టింది. "నాకు పాల డైరీకని చెప్పి పోతా ఉంటివే."

"డైరీకీ పోతా ఉంటి. ఆడికి పోయి, డైరీకి పోతా ఉంటి."

"సంవత్సరమంతానా?"

"మంది పనికి లేచే వేళకు మనిషికి మెలకువ వస్తాది గదమే. వచ్చినాక యాడికో ఒకచోటికి పోవాల."

 మా అత్త తన చేటలోని ఒలిచిన గింజలు తీసి ఆయన చేటలో పోసింది. ఎందుకు పోసిందో నాకు తెలియదు. మేడమ్ మాత్రం తివోంగెను ఇంగ్లీషులో అడిగింది, ఈ ప్రశ్న ఎలా తట్టిందని.

"మా నాన్న కాలు విరిగి ఏడాది పొలానికి పోలేదు" అంది తివోంగె, చాపకు చెబుతున్నట్టు. "పొద్దున్నే లేచి మంచం చుట్టూ తిరిగేవాడు. ఆయన్ను అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు." ఆ వెంటనే నా వైపు తిరిగి, "ఇప్పుడు పోవట్లేదా అని అడగండి మేడమ్" అంది.

అడిగాను. ఈసారి అంత కష్టమనిపించలేదు.

"ఇప్పుడు లేదు. మారెప్ప మానుకున్నాడు. కొత్తోనికి నేనెవురో తెలీదు, దూరంగా పొమ్మంటాడు" అని మా మామ మేడమ్ వైపు తిరిగాడు. "ఇది ఎవురికి పెట్టిన పరీక్షమ్మా? నేను పాసా, ఫెయిలా?"

అందరూ నవ్వారు. మేడమ్ వేళ్లకున్న దుమ్ము చీరకు తుడుచుకొని, కాగితం తీసి నింపసాగింది. ఒక గడి దగ్గర ఆగింది.

"కళ్లలోకి చూసి మాట్లాడటానికి ఐదు మార్కులు. అందులో సున్నా పెడుతున్నాను, ఎందుకంటే నువ్వు చూడలేదు" అంది తివోంగెతో. "మిగతావి చాలు. నలభైకి ముప్పై రెండు. పాసయ్యావు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మామ ఉన్నాడు కాబట్టి గాజులు మాత్రం గలగలలాడించాను. తివోంగె అరచేతులు రెండూ మెల్లగా తట్టింది. వాళ్ల ఊళ్లో కృతజ్ఞత అలా చెబుతారు. తర్వాత లేవబోతూ ఆగింది.

"మేడమ్" అంది. తల వంచే ఉంది. "ఆ ఐదు మార్కులు ఎందుకు పెట్టారు? నేను ఆయన్ను చూడకపోతే, ఆయన చెప్పింది విననట్టా?"

శ్రీనివాస సార్ ఉలిక్కిపడ్డారు. తొమ్మిది నెలల్లో తివోంగె ఒక టీచరును అడిగిన మొదటి ప్రశ్న అది. ధనశ్రీ మేడమ్ కాగితం వంక చూసింది, చాప మీద తల వంచుకొని కూర్చున్న మా మామను చూసింది, నన్ను చూసింది.

"ఇప్పుడైతే నా దగ్గర జవాబు లేదు" అంది చివరికి. "జూలైలో బెంగళూరులో క్లాసులు మొదలవుతాయి. వచ్చి మళ్లీ అడుగు."

"ఏ తారీఖున మేడమ్?" అంది తివోంగె.