నూకరత్నం ఒడిలో కౌన్సిల్ గంట

నేను ఒక ఇత్తడి చేతిగంటను. గుడిగంటను కాను, బడిగంటను అసలే కాను. సముద్రం ఒడ్డున ఉన్న ఒక మహానగరంలో, కౌన్సిల్ హాలులో, మేయరుగారి బల్ల మీద కొలువు చేశాను. జీతం లేదు, సెలవు లేదు, బదిలీ ఊసే లేదు.

నన్ను బుడితి అనే ఊళ్లో కంచరివాళ్లు పోతపోశారు. వాళ్లలో అప్పలాచారి నన్ను కొలిమి దగ్గరే ఒకసారి ఆడించి, "గొంతు బాగుంది, నలుగురిలో పని దొరుకుద్ది" అన్నాడు. పాపం, నలుగురే అనుకున్నాడు. హాలులో వందమంది, అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్లే!

ఊరు పెరిగి మునిసిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. నేను ఎన్నో చేతులు మారాను. ఒకాయన దేవుడి ముందు హారతి ఇస్తున్నట్టు మెల్లగా ఆడించేవాడు, ఇంకొకాయన బల్ల పగిలేలా బాదేవాడు. ఎన్నికలు జరపకుండా ప్రత్యేకాధికారి పాలన నడిచిన ఏళ్లలో కాగితాలు ఎగరకుండా నన్ను బరువుకు వాడుకున్నారు. హాలు అప్పుడు ప్రశాంతంగా ఉండేది గానీ నాకెందుకో బెంగగా ఉండేది.

నగరం ఎలా నడుస్తుందంటారా? కమిషనరు కింది ఆఫీసర్లు ప్రతిపాదనలు తయారు చేస్తారు. అవి అజెండాలో అంశాలై కౌన్సిల్‌కు వస్తాయి. వార్డుకొక కార్పొరేటరు చొప్పున కూర్చుని, చర్చించి, ఔననో కాదనో తేల్చాలి. ఆ చర్చ అన్నదే నేను అరుదుగా చూశాను. సభ మొదలవగానే ప్రతిపక్షం నినాదాలతో మేయరు మీదికి వస్తుంది, మైకు తీగ పీకుతుంది. ఆ హోరులో కార్యదర్శి లేచి, "చదివినట్టే భావించి అజెండా మొత్తం ఆమోదం" అంటాడు. మేయరు నన్ను మోగిస్తాడు. అయిపోయింది! అడ్డుకున్నామని వాళ్లూ, అడ్డే లేకుండా పనైపోయిందని వీళ్లూ మురిసిపోతూ టీకి వెళ్తారు. గంట మోగితేనే ఆమోదమన్న మాట చట్టంలో ఉందో లేదో నాకు తెలియదు. కార్యదర్శి విశ్వేశ్వరంగారికి మాత్రం అది వేదవాక్కు.

మైలపల్లి నూకరత్నం రేవు వార్డు కార్పొరేటరు. చేపల బేరం చేసుకునే మనిషిని, మహిళా రిజర్వేషన్ వచ్చిందని అధికార పార్టీవాళ్లు బతిమాలి నిలబెట్టారు. గెలిచాక మాత్రం నోరు తెరవొద్దన్నారు. ముందు వరసలో, నాకు ఎదురుగా కూర్చుని, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తేది.

ఆ రోజు ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. ముప్పై నాలుగో అంశం ఆమె వార్డుదే. రేవులోని పురుళ్ల ఆసుపత్రి పాతబడింది కనుక దాన్ని పడగొట్టి, అక్కడ కార్లు నిలుపుకునే మేడ కట్టాలట. సభకు ముందు ఆమె మేయరు సీతాపతిరాజుగారి బల్ల దగ్గరకు వచ్చి, "అయ్యా, ఆ ఒక్కటీ ఆపించండి" అని దణ్ణం పెట్టింది.

"సభలో మాట్లాడమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నాడాయన నవ్వుతూ. సభలో మాట వినపడదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

సభ మొదలైంది. నూకరత్నం లేచి "అయ్యా!" అంటే పక్కనున్నవాళ్లకే చేరలేదు. ప్రతిపక్ష నాయకుడు వీర్రాజు తన వాళ్లతో దూసుకొచ్చాడు. మైకు పోయింది. కార్యదర్శి "మొత్తం ఆమోదం" అనేశాడు. మేయరు నా కోసం చెయ్యి చాచాడు. ఇంతలో ఎవరి మోచెయ్యో తగిలి నేను కింద పడ్డాను, దొర్లుకుంటూ వెళ్లి నూకరత్నం కాళ్ల దగ్గర ఆగాను.

ఆమె వంగి నన్ను తీసింది. ఇచ్చేస్తుందనే అనుకున్నాను. చెయ్యి సగం లేచింది కూడా. ఏమనుకుందో ఏమో, గబుక్కున కూర్చుని నన్ను ఒడిలో పెట్టుకుని కొంగు కప్పేసింది. మోగకుండా నా నాలుక గట్టిగా పట్టుకుంది. దొరికిపోతే ఏం గతి తల్లీ!

"గంటేదయ్యా?" అన్నాడు మేయరు.

"మైకంటే మేమే పీకాం. గంట జోలికి పోలేదు, ఒట్టు!" అన్నాడు వీర్రాజు.

"మోగని గంట మోగిందని రాయడం నా వల్ల కాదండీ" అని భీష్మించుకున్నారు విశ్వేశ్వరంగారు.

ఇంకేముంది, నగర పెద్దలంతా బల్లల కింద దూరారు! వెతికేవాళ్లకు అరిచే తీరికెక్కడిది? సభ నడుస్తుండగా అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరగను.

నూకరత్నం నన్ను కొంగు చాటునే పట్టుకుని లేచింది.

"అయ్యా, ముప్పై నాలుగోది సదవండి. మీరు సదవరు గానీ నానే సెప్తాను. మా పురుళ్లాసుపత్రి పడగొట్టి కార్లెట్టుకుంటారట. పెద్దాసుపత్రికెల్లాలంటే రైలుగేటు దాటాల. గూడ్సుబండి అడ్డం నిలబడిపోతే ఇంక అంతే. మొన్న రిపేరని మనాసుపత్రి మూసేసినప్పుడు మా పక్కింటి పిల్ల ఆ గేటు కాడ ఆటోలోనే కనేసింది. బిడ్డ దక్కలేదు. నా కోడలికిప్పుడు నెలలు నిండినాయి. దాన్నేటి సెయ్యమంటారు?"

బల్లల కింది నుంచి ఒక్కొక్క తలా పైకొచ్చింది.

"అది అజెండాలో ఉందా?" అన్నాడు వీర్రాజు, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ. "నేను పుట్టిందక్కడేనయ్యా! ఎలా పడగొడతారో చూస్తాను." అజెండాను అంత గొంతు చించుకుని వ్యతిరేకించిన పెద్దమనిషి దాన్ని తెరిచి చూడనేలేదన్నమాట! అధికార పక్షంలోనూ గుసగుసలు మొదలయ్యాయి. "మా చెల్లి పురుడూ అక్కడే" అన్నారెవరో.

మేయరు అటూ ఇటూ చూశాడు. గాలి ఎటుందో ఆయనకు ఒకరు చెప్పాలా? "ముప్పై నాలుగు తొలగించండి. మిగతావి ఆమోదం. ఆ గంటేదో దొరికితే..."

నూకరత్నం నన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది. "నా కాల్ల కాడ పడిందండి."

మొదట నవ్వింది విశ్వేశ్వరంగారే. ఆ తర్వాత హాలంతా ఘొల్లుమంది. మేయరు నవ్వలేక నవ్వి నన్ను మోగించాడు. నేను ఖంగుమన్నాను. నూకరత్నం కుర్చీలో కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకూ గుండెల మీంచి బరువు దిగిపోయింది.

ఆ వారంలోనే బల్లకు మరలు బిగించి కరెంటు గంట పెట్టించారు మేయరుగారు. నన్ను కింద, జనన ధ్రువపత్రాలిచ్చే కిటికీ పక్కన, అద్దాల బీరువాలో పెట్టారు. జనం నన్ను చూడరు, వరసలో తమ ముందు ఎందరున్నారో చూసుకుంటారు. తప్పు పట్టను, వాళ్ల అవసరం వాళ్లది.

ఒక పొద్దున ఆ వరసలోకి నూకరత్నం వచ్చింది. కార్పొరేటరునని ముందుకు తోసుకుపోలేదు. చేతుల్లో మెత్తటి పాతచీర చుట్టిన పసిగుడ్డు. ఆమె వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు:

"పుట్టిన చోటు?"

"మన రేవాసుపత్రిలోనే బాబూ" అంది నూకరత్నం. "ఇంకెక్కడ?"