పంపకాలు అయ్యాయి, రండి

మా ఆవిడ పోయిన రోజు వంటింట్లో చిక్కుడు గింజలు నానుతున్నాయి. ఆదివారం కూర కోసం ముందు రోజు తనే నీళ్లలో పోసింది. వచ్చేపోయే జనంలో వాటి సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇల్లు ఖాళీ అయ్యాక మూత తీస్తే అన్నీ మొలకెత్తి ఉన్నాయి. పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు. పక్కింటి టైలరమ్మ వచ్చి గిన్నెతో సహా తీసుకెళ్లి, గిన్నె కడిగి తెచ్చిచ్చింది. గింజలు ఏం చేసిందో నేను అడగలేదు.

ఆ తర్వాత మాకు పట్టుకున్న బెంగ అత్తగారిది. కూతురి దగ్గరే ఉంటానని మా ఇంటికి వచ్చిన మనిషి, కూతురు లేని ఇంట్లో మిగిలింది. కంచం ముందు కూర్చునేది గానీ తినేది కాదు. మెతుకులు కెలికి లేచిపోయేది. వేలి ఉంగరం జారిపోతుంటే దానికి దారం చుట్టుకుంది.

"ఏం చేయమంటారత్తయ్యా?" అని పూటపూటా అడిగేవాణ్ణి.

"ఏదీ సయించట్లేదు బాబూ. దాని గింజల కూర అయితే నాలుగు ముద్దలు దిగుతాయేమో."

నేను బడిలో తెలుగు చెబుతాను. నాకు వచ్చిన వంట టీ పెట్టడం. అయినా ఆవిడ ఫలానాది కావాలని అడగడం అదే మొదలు కాబట్టి, చేస్తానన్నాను. ఆదివారాలు కింది వాటాలోంచి కూతురూ అల్లుడూ భోజనానికి పైకి వస్తారు. ఆ కూర ఎలా ఉండేదో ముందుగా వాళ్లని అడిగాను.

"చెవుల్లోంచి పొగలొచ్చేవి మావయ్యగారూ. అంత కారం," అన్నాడు అల్లుడు. అతను సిటీ బస్సు నడుపుతాడు. మాట మెల్లగా రాదు. అత్తగారు అతనికి 'హారన్' అని ఎప్పుడో పేరు పెట్టింది.

"కారమేంటి? తియ్యతియ్యగా ఉండేది," అంది అమ్మాయి.

"తీపా? నీ మొహం. పుల్లగా ఉండేది," అంది అత్తగారు.

"అమ్మమ్మా, నువ్వెవరింట్లో తిన్నావో ఏమో!"

"నా కూతురి చేతి కూర నాకు తెలీదటే? నిన్నగాక మొన్న కళ్లు తెరిచి నాకు చెప్పొచ్చావు!"

చాలా రోజులకి ఆవిడ గొంతు లేచింది. పోట్లాట ఇంకాసేపు సాగితే బాగుండుననిపించింది.

ఒక ప్రశ్నకి ముగ్గురు మూడు జవాబులు రాస్తే ఇద్దరివి తప్పని దిద్దడం నాకు అలవాటు. ఎవరిది తప్పో తేలక మూడూ వేశాను. కారం, బెల్లం, నిమ్మరసం. అందరూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"మావయ్యగారూ, ఇది కూర కాదు, రాజీ ఒప్పందం," అన్నాడు హారన్.

"ఎవరం సంతకం పెట్టం," అంది అమ్మాయి.

అత్తగారు ముద్ద మింగి నీళ్లు తాగింది. "పాపం, కష్టపడ్డారు," అంది. తిట్టినా బాగుండేది.

తర్వాతి వారం పులుపు తీసేశాను. పెద్దావిడ పొరబడి ఉంటుందనుకున్నాను. ఆవిడ ఆ ఒక్క ముద్ద కూడా తినలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మాయి గిన్నెలు తోముతుంటే నేను తుడుస్తున్నాను.

"అప్పుడే అయిపోయాయా? ప్రాణానికి హాయిగా ఉంది," అంది. "అమ్మ అయితే ఈ కూర వండిన రోజు పెద్ద గిన్నె కాక నాలుగు చిన్నవి నా మొహాన పడేసేది. ఒక్క కూరకి ఇన్నెందుకే అని ఏడిస్తే, పంపకాలంటే మాటలా అనేది."

పంపకాలు. మా ఇంట్లో అది ప్రతి ఆదివారం వినపడిన మాటే. పొయ్యి కట్టేయగానే మా ఆవిడ వంటింట్లోంచి "పంపకాలు అయ్యాయి, రండి!" అని కేకేసేది. పంచుకోవడానికి జానెడు నేల లేని ఇల్లు కనక, అది వేళాకోళమనుకుని నవ్వుతూ వెళ్లి, తను వడ్డించి ఉంచిన కంచాల ముందు కూర్చునేవాళ్లం. మాటలకి అర్థాలు చెప్పడం నా ఉద్యోగం. ఆ మాటకి దాని అర్థమే ఉందని నాకు తట్టలేదు.

"ఆ చిన్న గిన్నెల్లో ఏం అంటుకుని ఉండేది?" అని అడిగాను.

అమ్మాయి కొళాయి కట్టేసింది. "ఒకదాంట్లో మిరపగింజలు. తోమితే చేతులు మండిపోయేవి. ఒకటి బెల్లం జిగట. ఒకటేమో మెత్తగా మెదిపినట్టు ఉండి, అంచుకి నిమ్మగింజ..." నా వైపు తిరిగింది. "నాన్నా, మనమెవరమూ ఒకే కూర తినలేదా?"

మరుసటి ఆదివారం గింజలు, ఉల్లిపాయలు, టమాటాలు ఉప్పు లేకుండా ఉడికించి దించాను. అత్తగారికి పళ్లు తక్కువ, రక్తపోటు ఎక్కువ. ఆవిడ వాటా గరిటె వెనక భాగంతో మెదిపి, ఉప్పు చిటికెడే వేసి, ఆ లోటు నిమ్మరసంతో పూడ్చాను. మిగతా వాటికి మామూలుగా ఉప్పు వేసి, హారన్ వాటాలో ఎండుమిర్చి వేయించి కలిపాను. అమ్మాయి దాంట్లో బెల్లం. మా ఆవిడ నిలబడే చోట నిలబడి కేకేశాను. బడిలో వెనక బెంచీకి వినపడేట్టు అన్నాను.

"పంపకాలు అయ్యాయి, రండి!"

హారన్‌కి మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారం ఎక్కువైందా?"

"కారమే మావయ్యగారూ," అని ముక్కు తుడుచుకున్నాడు. ఆ మాట మెల్లగానే అన్నాడు.

అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను ఆవిడ వైపు చూడకుండా గ్లాసులు సర్దాను.

"ఉప్పు తక్కువైంది," అంది.

నా ప్రాణం ఉసూరుమంది.

"అంటే ఇన్నేళ్లూ అది నా ఉప్పు ఎగ్గొట్టి, నిమ్మకాయ పిండి నా నోరు మూయించిందన్నమాట. దొంగది!" అని కంచం ముందుకు జరిపింది. "మారు వెయ్యండి బాబూ."

ఇప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లో పంపకాలు జరుగుతున్నాయి. అత్తగారు ఉంగరానికి చుట్టిన దారం విప్పేసింది. నేను గరిటె పట్టే తీరుకి వంకలు పెట్టడం మొదలుపెట్టింది. హారన్ తన వాటా చాలక అమ్మాయి వాటాలో వేలు పెట్టి, "ఛీ, పాయసం," అని తిట్లు తింటున్నాడు.

పెద్ద గిన్నెలో మిగిలినది మా ఆవిడ తినేది. నాలుగో చిన్న గిన్నె నాది. అందులో ఏముండేదని అమ్మాయిని అడిగాను.

"నీ గిన్నెలో ఏమీ మిగిలేది కాదు నాన్నా. చివర్లో అందులో అన్నం వేసుకుని ఊడ్చి తినేవాడివి."

మా ఆవిడతో నేను రోజూ "బాగుంది" అనేవాణ్ణి. అంతకు మించి ఏమీ అనలేదు కనక, నా కూర రుచి నాతో సహా ఇంట్లో ఎవరికీ తెలియదు. వెల్లుల్లి వేసి చూశాను. మిరియాలు వేసి చూశాను. రెండూ తినేట్టే ఉన్నాయి.

నా వాటా ఇంకా కుదరలేదు.