నకలు లేని అంకెలు

ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. అది చివరికి చేరేదాకా ఆయన మౌసు మీంచి చెయ్యి తియ్యడు, పక్కకి చూడడు, పిలిస్తే పలకడు. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే మొదటి పని ఇదే. నిన్నటి ఫోల్డరు మొత్తానికి ఒక నకలు తీయడం, ఆ నకలుకి ఒక పేరు పెట్టడం. 'ఆసుపత్రి లిఫ్టు కొత్తది' అయింది. 'ఆసుపత్రి లిఫ్టు చివరిది' అయింది. 'అసలు చివరిది' కూడా అయిపోయి, ఇప్పుడు 'ఇది ముట్టుకోవద్దు' దాకా వచ్చింది. ఒక్కో భవనానికి ఇలా ఒక్కో సంసారం. ఫలానా వీధి బట్టల షాపు, ఫలానా వీధి లాడ్జి, కొండవైపు ఆసుపత్రి.

గీత నిండాక ఊపిరి వదిలాడు. అప్పుడే చొక్కా పై బొత్తాం బిగువుగా ఉందని గుర్తొచ్చింది. అయినా విప్పలేదు. సన్నటి మనిషి. ఎప్పుడూ తెర వైపు వంగి వంగి మెడ ముందుకి సాగిపోయింది. గోళ్లు కొరికిన చోట వేళ్లు ఎర్రగా ఉంటాయి. అందరి జేబులో పెన్నులుంటే ఈయన జేబులో పెన్‌డ్రైవులుంటాయి.

లిఫ్టులకి కంట్రోలు పెట్టెలు తయారుచేసే చిన్న కార్ఖానా అది. ముందు గదిలో వైరుమేన్లు బల్లల మీద వంగి సీసం కరిగిస్తుంటారు. ఆ పొగ వెనక గదిలో ఈయన కంప్యూటరు దాకా వస్తుంది. ఈయన కూడా ఒకప్పుడు ఆ బల్లల దగ్గరివాడే. బడి మధ్యలో మానేసి మోటార్లు చుట్టడానికొచ్చిన కుర్రాడు, లిఫ్టు ప్రోగ్రాములు రాసే ఇంజనీరు వెనక నిలబడి నిలబడి నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. ఆ ఇంజనీరు ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తే ఈయన్ని తెచ్చి ఆ కుర్చీలో కూలేశారు. తాత్కాలికం అన్నారు. జుట్టు నెరిసింది గానీ తాత్కాలికం తీరలేదు.

ప్రోగ్రాములో సగం ఆయనకి తెలుసు. మిగతా సగం గుమ్మంలో పడుకున్న కుక్కలాంటిది. దాని మీద కాలు పడకుండా దాటుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. ఒకసారి కంప్యూటరు చచ్చి, రాసిందంతా దానితోపాటే పోయింది. ఆ రోజు యజమాని నలుగురి ముందూ అన్న మాటలు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తాయి. ఈ నకళ్ల పిచ్చి అప్పటినుంచే. బల్లల దగ్గరివాళ్లు ఆయనకి 'జెరాక్స్ మామ' అని పేరు పెట్టారు.

"మామా, ఇంట్లో అత్తకి కూడా ఒక కాపీ తీసి దాచావంట కదా?" అన్నాడు పెద్ద వైరుమేను, టీ గ్లాసు తెచ్చి పెడుతూ.

"ఒక్కదాన్తోనే వేగలేక చస్తున్నాను," అన్నాడు ఆయన. నవ్వాడు కానీ టీ ముట్టుకోలేదు. ఎందుకంటే ఇవాళ ఆ పని ఉంది.

ఆ పని చెయ్యడానికే కొత్తమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, చేరి ఎన్నాళ్లో కాలేదు. యజమాని ఇద్దర్నీ పిలిచి, సాయంత్రంలోగా ప్రోగ్రాములన్నీ నెట్‌లోకి ఎక్కించెయ్యమన్నాడు. ఇకమీదట అంతా పైనే ఉంటుందట. ఎవరు ఏ లైను మార్చారో, ఎప్పుడు మార్చారో అదే గుర్తుపెట్టుకుంటుందట. నిన్నటిది కావాలంటే నిన్నటిది, పోయినేడాదిది కావాలంటే పోయినేడాదిది తీసి ఇస్తుందట.

"ఇంక మీరు రోజూ ఈ కాపీలు తియ్యక్కర్లేదు అంకుల్. ఏదీ పోదు," అంది కొత్తమ్మాయి, కుర్చీ పక్కకి లాక్కుని.

"ఏదీనా?"

"ఏదీ."

"మరి తప్పు రాస్తే?"

"దిద్దుకోవచ్చు. కానీ తప్పు రాసిన సంగతి కూడా అలాగే ఉంటుంది."

ఆయన ఇన్నాళ్లూ పోతుందేమో అన్న భయంతో బతికాడు. పోదు అన్న మాట ఇంకా భయంకరంగా ఉంటుందని అనుకోలేదు. సగం తెలియని ప్రోగ్రాము పైకెక్కి కూర్చుంటే, ఆ సగం తెలియదన్న సంగతి కూడా దాంతోపాటే ఎక్కి కూర్చోదా? ఈ వయసులో ఈ కుర్చీ పోతే ఇంకే కుర్చీలో కూర్చోబెడతారు?

"ఏమ్మా, మా జెరాక్స్ మామని పైకి పంపించేస్తున్నావా?" అన్నాడు పెద్ద వైరుమేను గుమ్మంలోంచి.

"ఆయన్ని కాదన్నా, ఆయన ప్రోగ్రాముల్ని."

"రెండూ ఒకటేలేమ్మా."

ముందు గదిలో ఎవరో పిలిస్తే కొత్తమ్మాయి లేచింది. "మీరు నింపుతూ ఉండండి, ఏమీ కాదు," అని వెళ్లింది. తెర ఒక్కొక్కటే అడుగుతోంది. పేరేమిటి? ఏ ఫోల్డరు? ఎవరు చూడొచ్చు? చివరి ప్రశ్న కింద రెండు గుండ్రాలున్నాయి. ఒకటి అందరికీ. ఒకటి మనకి మాత్రమే. మొదటిదాన్లో అప్పటికే చుక్క పెట్టి ఉంది.

ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారేమో. ముందే ఉన్నదాన్ని కదపకపోవడమే ఆయన ఇన్నాళ్ల బతుకు. ఇంజనీరు రాసి వదిలేసిన లైన్లని కదపలేదు, యజమాని వేసిన కుర్చీని కదపలేదు, పెళ్లినాటి నుంచి మంచం ఉన్న మూల కూడా మార్చలేదు. పెద్దవాళ్లెవరో పెట్టి ఉంచిన చుక్క, తీస్తే ఏమవుతుందో అనుకున్నాడు. దాని జోలికి పోలేదు. ఇంకో గడిలో 'ఏం మార్చారు?' అని అడిగితే, 'ఏమీ మార్చలేదు' అని టైపు చేసి మీట నొక్కాడు.

భోజనాల తర్వాత కొత్తమ్మాయి తన కంప్యూటర్లో చూసి ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది.

"అంకుల్, ఇది అందరికీ కనిపిస్తోంది."

"అందరికీ అంటే? ఆఫీసులో వాళ్లకా?"

"లోకానికి."

ఆయనకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ ఫోల్డర్లలో ఒక లైనుంది. నాలుగు అంకెలు. లిఫ్టు తలుపు పక్కన చిన్న మీటల పలక మీద ఆ నాలుగూ నొక్కితే, లిఫ్టు ఆ అంతస్తులో ఉన్నా లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది. మరమ్మతువాళ్ల కోసం ఇంజనీరు పెట్టింది. ఇప్పుడు కడుతున్న పెట్టెల్లో అది లేదు గానీ, పాత భవనాలన్నిటికీ అవే నాలుగు అంకెలు. తలుపు తెరిస్తే లోపల లిఫ్టు లేనప్పుడు ఎలా ఉంటుందో ఆయన చూశాడు. చీకట్లో వేలాడే ఇనుప తాడు, కిందినుంచి మొహానికి కొట్టే చల్లటి గాలి. ఆసుపత్రిలో స్ట్రెచరు లాగేవాళ్లు ఎప్పుడూ వెనక్కి నడుస్తారు. తలుపు తెరుచుకున్న చప్పుడు వింటే చాలు, చూడకుండా వెనకడుగు వేసేస్తారు.

గబగబా ఫైలు తెరిచి ఆ లైను తుడిచేశాడు. మళ్లీ పైకి పంపాడు. 'తీసేశాను' అని రాశాడు. చెమట తుడుచుకుని, "పోయింది," అన్నాడు.

కొత్తమ్మాయి తెర ఆయన వైపు తిప్పింది. తుడిచిన లైను అక్కడే ఉంది. ముందు వేల లైన్లలో ఒకటిగా ఎవరి కంటా పడనిది, ఇప్పుడు తీసేసిన గుర్తుతో ఎర్రరంగు పూసుకుని, వేలెత్తి చూపించినట్టు నిలబడింది. పక్కనే ఆయన పేరు.

"చెప్పాను కదంకుల్, ఏదీ పోదని." ఆ పిల్ల చుక్కని రెండో గుండ్రంలోకి మార్చి, తలుపు మూసినట్టు మూసేసింది. కానీ మూసేముందే చూసింది, ఆయనా చూశాడు. పేజీ మూలన, ఎన్ని నకళ్లు పోయాయో చెప్పే చోట, ఒకటి అంకె. ఎవరో ఒక నకలు తీసుకున్నారు.

"ఎవరది?"

"తెలీదు. మనిషి కూడా కాకపోవచ్చు. ఇలాంటి రహస్యపు అంకెల కోసం యంత్రాలు తిరుగుతూ ఉంటాయి. మన దగ్గరది మూసినా వాళ్ల దగ్గరది ఉంటుంది."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. మీట దాటినా అంతే.

యజమాని అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏ దేశంలోనో కూర్చున్నవాడికి మన లిఫ్టులు ఎక్కడున్నాయో కలొస్తుందేంటయ్యా?"

"ఫోల్డర్లకి వీధుల పేర్లు పెట్టానండి."

"నీ జాగ్రత్త తగలెయ్య," అన్నాడు యజమాని. "సరే, నోరు మూసుకుని ఊరుకో. వచ్చే నెల సర్వీసుకి వెళ్లినప్పుడు మారుద్దాం. ఇప్పుడు వెళ్తే ఎందుకొచ్చావని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే నువ్వూ నేనూ రోడ్డు మీదే. ఆ పిల్లకి కూడా చెప్పు."

"అలాగేనండి," అన్నాడు ఆయన. ఆ గదిలో ఇన్నేళ్లలో యజమాని ఏం చెప్పినా ఆయన అన్న మాట అదొక్కటే.

బయటికొచ్చి తన కుర్చీ దాకా వెళ్లాడు. కూర్చోలేకపోయాడు. కళ్లు మూసినా తెరిచినా వెనక్కి నడిచే ఒక మనిషి మడమలే కనిపిస్తున్నాయి. యజమాని అంటే భయమే. కానీ పెద్ద పాము చిన్న పాముని మింగినట్టు, ఈ భయం ఆ భయాన్ని మింగేసింది. స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాడు.

"ఎక్కడికంకుల్?" అంది కొత్తమ్మాయి.

"అంకెలు మార్చొస్తా."

"నేనూ రానా?"

"నువ్వు రాకు తల్లీ. అడిగితే నీకు తెలీదని చెప్పు. ఉద్యోగం చేసుకోవాల్సినదానివి."

బట్టల షాపులో ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. సంచి పట్టుకున్నవాణ్ణి లోకంలో ఎవరూ ఏమీ అడగరు. మోటారు గది ఎప్పుడూ లిఫ్టు పోయే చివరి అంతస్తుకి ఇంకా పైనే ఉంటుంది, చివరి మెట్లు నడిచే ఎక్కాలి. ఎక్కాడు. పెట్టె తెరిచి పాత అంకెలు తీసి కొత్తవి పెట్టాడు. ఆ పాత పెట్టెలకి నెట్‌లోంచి పంపితే ఎక్కదు, దగ్గరికెళ్లి వేలితో నొక్కాల్సిందే. జేబులోంచి కాగితం తీసి కొత్త అంకెలు రాసుకోబోయి ఆగిపోయాడు. రాసిందేదీ పోదని ఇవాళే కదా తెలిసింది. కాగితాన్ని ముక్కలు చేసి నోట్లో వేసుకుని నమిలాడు. కొత్త అంకెలు తలలోనే పెట్టుకున్నాడు.

లాడ్జిలో మారుస్తుంటే ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. గ్యాసనుకున్నాడు. నీళ్లు తాగాడు. ప్రతి భవనంలోనూ మెట్లు దిగేటప్పుడు కింద నుంచి కేక వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేవాడు. ఎవరో పిల్లలు అరిస్తే గోడ పట్టుకుని నిలబడిపోయాడు. వాళ్లు ఆడుకుంటున్నారు, అంతే.

పొద్దుగూకే వేళకి ఆసుపత్రి ఒక్కటే మిగిలింది. దార్లో భార్య ఫోను చేసింది.

"ఏమండీ, వచ్చేటప్పుడు నల్ల దారం ఉండ తెండి. మిషన్ మీద పని ఆగిపోయింది."

"ఆలస్యమవుతుంది."

"గొంతేంటి అలా ఉంది?"

"మెట్లెక్కాను."

"లిఫ్టులు చేసేవాళ్లకి మెట్లెక్కే ఖర్మేమిటండీ? మధ్యాహ్నం తిన్నారా లేదా?"

"తిన్నాను," అని అబద్ధమాడాడు. నిజంగా తిన్నానేమో అనిపించేంత మామూలుగా వచ్చింది ఆ మాట.

ఆసుపత్రి వాచ్‌మన్ మోటారు గది తాళం తీసి, "ఏంటి సార్, చెమటలు పడుతున్నాయి, కాసేపు కూర్చోండి," అన్నాడు. పనయ్యాక కూర్చుంటానన్నాడు ఆయన. గదంతా వేడి, గ్రీజు వాసన. కింద ఎవరో మీట నొక్కిన ప్రతిసారీ మోటారు గుర్రుమంటోంది. నొక్కిన ప్రతిసారీ ఆయన గుండె ఆగి, లిఫ్టు ఎక్కడో ఆగాక మళ్లీ మొదలవుతోంది. మసక వెలుతురులో అంకెలు ఆనక సంచి అడుగునుంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. నాలుగు అంకెలు తీశాడు. నాలుగు పెట్టాడు. సరిపోయిందో లేదోనని పాతవి మళ్లీ నొక్కి చూశాడు. చెల్లవన్నట్టు ఎర్రదీపం వెలిగింది. ఇంకోసారి నొక్కాడు. ఎర్రదీపమే.

అద్దాలు తీసి పెట్టె మీద పెట్టి, మొహం తుడుచుకుని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా పై బొత్తాం విప్పుకున్నాడు.

వాచ్‌మన్ తాళం వెయ్యడానికి వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. ఏదో పని మీదున్నాడేమోనని వాచ్‌మన్ ఇంకాసేపు నిలబడ్డాడు.

ఆసుపత్రే కాబట్టి మనుషులు వెంటనే వచ్చారు, చెయ్యడానికి మాత్రం ఏమీ మిగల్లేదు. చివరి మెట్ల మీంచి మోసుకొచ్చి స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. తలుపు తెరుచుకున్న చప్పుడు విని, స్ట్రెచరు లాగేవాడు అలవాటుగా, చూడకుండా వెనకడుగు వేశాడు. లిఫ్టు అక్కడే ఉంది.

"చచ్చి సాధించాడు," అన్నాడు యజమాని మూడోనాడు. మరమ్మతువాళ్లకి ఏ భవనంలోనూ తలుపు తెరుచుకోవడం లేదు. కొత్త అంకెలేమిటో ఆయన కంప్యూటర్లో వెతికించాడు, పెన్‌డ్రైవులన్నీ వెతికించాడు. ఎక్కడా లేవు. పెద్ద వైరుమేను సీసం కరిగిస్తూ తలెత్తలేదు, జోకు వెయ్యలేదు.

ఆ సాయంత్రం కొత్తమ్మాయి ఎవరికీ చెప్పకుండా ఒక్కో భవనానికీ వెళ్లింది. తలుపు పక్కన నిలబడి, అటూ ఇటూ చూసి, పాత అంకెలు నాలుగూ నొక్కింది. బట్టల షాపులో ఎర్రదీపం. లాడ్జిలో ఎర్రదీపం. ఆసుపత్రిలో ఒక్కో అంకే చూసి చూసి నొక్కింది. అక్కడా ఎర్రదీపమే. వెనక ఎవరో రోగిని తోసుకొస్తుంటే తప్పుకుని దారిచ్చి, మెట్ల మీదుగా బయటికి నడిచింది.

పైన మోటారు గదికి తాళం వేసి ఉంది. ఇనప పెట్టె మీద ఆ కళ్లద్దాలు కాడలు విప్పుకుని పడున్నాయి, కింద ఎవరు మీట నొక్కినా సన్నగా వణుకుతూ.