నంబర్లు కనపడని మ్యాచ్

మోకాలి లిగమెంట్ తెగినంక, ఇగ కబడ్డీ ఆడొద్దని నల్గొండ దవాఖానల డాక్టర్ చెప్పిండు. స్వర్ణ అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, జిల్లా జట్టుల కుడి మూల కాసే పిల్ల. నకిరేకల్ అవతల వాళ్ల ఊరు. నాయిన బీరన్న గొర్లు కాస్తడు. ఆమె పదిహేను రోజులు గోడ దిక్కు మొఖం పెట్టుకొని పండుకున్నది.

ఆ మరుసటి నెల మండల పోటీలైతుంటే, తన జట్టును చూసొస్తనని చేతికర్ర పట్టుకొని పోయింది. పొద్దటి సంది మైకుల ఒర్రి ఒర్రి పీఈటీ సారుకు గొంతు పోయింది.

"జర నువ్వు కూసో బిడ్డా. ఎవరికెన్ని పాయింట్లో చెప్పు, చాలు" అన్నడు సారు.

పాయింట్లతోనే మొదలువెట్టింది గని, నిమిషం గడవకముందే ఎవరు కూతకు వోతున్నరు, ఎవరి కాలు గీత దాటింది, ఎనకకెల్లి పట్టు పట్టనీకి ఎవరు కాసుకొని ఉన్నరు, అన్నీ చెప్పవట్టింది. చాయ్ బండి కాడ నిలవడ్డోళ్లు గ్లాసులు చేతుల పట్టుకొనే గ్రౌండు దిక్కు ఉరికొచ్చిన్రు. ఆట అయిపోయి లేచేసరికి కర్ర ఏడ పెట్టిందో ఆమెకే యాదికి లేదు.

గా గొంతు విని నల్గొండ కేబుల్ ఛానల్ వాళ్లు పిలిచిన్రు. మూడేండ్లు వాళ్ల దగ్గర చేసినంక హైదరాబాద్‌ల ఒక స్పోర్ట్స్ ఛానల్ పరీక్ష పెట్టింది. శబ్దం లేకుండ ఒక పాత మ్యాచ్ వేసి, మాట్లాడమన్నరు. మాట్లాడింది. రెండో కుర్చీ దొరికింది.

మొదటి కుర్చీ కృష్ణకాంత్ సారుది. విజయవాడ మనిషి, ఇరవై ఏండ్లు క్రికెట్ చెప్పిన గొంతు. ఆట నడిచినంతసేపు చెప్పేది ఆయన. మధ్యల సందు దొరికితే, ఎవరికెన్ని పాయింట్లు వచ్చినయో స్వర్ణ చెప్పాలె. ఇద్దరు కూసునేది గ్రౌండుల గాదు, హైదరాబాద్‌ల ఒక అద్దాల గదిల, టీవీ ముంగట.

ఆ సంగతి తెలిసి అమ్మ లక్ష్మీనర్సమ్మ పరేషానైంది. "ఆడ లేకుండనే ఉన్నట్టు చెప్తవా? అబద్ధం గాదానె?"

"అబద్ధమెందుకైతదే అమ్మా! నువ్వు సూసేదే నేను సూస్త. కాకపోతె, నాకు జీతమిస్తరు."

రెండో ఏడు సెమీఫైనల్. ఆట జైపూర్‌ల. సగం ఆట అయ్యేసరికి పసుపు జట్టు, ఎరుపు జట్టు సమానంగున్నయి. విరామం అయి ఆట మొదలైందో లేదో, మ్యాట్ పక్కనున్న కెమెరాలన్నీ ఒక్కపాలి బందైనయి. పైకప్పు కాడ ఉన్న ఒక్క కెమెరా మిగిలింది. అందుల ఆటగాళ్లు బొటనవేలంత కనపడుతున్నరు. బనీన్ల మీది నంబర్లు మసక. పేర్లు చూపిచ్చే చిన్న స్క్రీను గూడ నల్లగైంది.

"ఆపొద్దు! ఎట్లనన్న లాగుర్రి!" అని చెవిల ప్రొడ్యూసర్ దామోదర్ మొత్తుకుంటుండు.

"పసుపు జట్టు రైడర్ వెళ్తున్నాడు... ఎరుపు జట్టు డిఫెండర్ పట్టుకోబోయాడు..." అని కృష్ణకాంత్ రెండు రైడ్లు నెట్టుకొచ్చిండు. మూడోదానికి మాట ఆగింది. చేతిల కాగితాలు బల్ల మీద పెట్టి స్వర్ణ దిక్కు చూసిండు.

స్వర్ణ స్క్రీనుకు దగ్గరగ జరిగింది. గీత దాటుతున్నోనికి ఎడమ భుజం జర కిందికి ఒరిగింది.

"కూతకు వస్తున్నది బల్జీత్! మూలకు వోతనన్నట్టు ఆశ చూపిస్తుండు, పోడు, వానికి కావాల్సింది నడిమిట్ల ఉన్న మహిపాల్... తాకిండు! తాకి ఎనకకు ఎగిరిండు!"

ఇగ ఆగలే. పాదం ఈడ్చేటోడు ఒకడు, రెండడుగులకొకసారి నడుము మీద చెయ్యేసుకునేటోడు ఇంకొకడు. పద్నాలుగు మందిని పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారి తప్పింది. ఔటై మళ్ల లోపలికొచ్చి, ఈపాలి మూలకు పట్టు పట్టిన ఎరుపు జట్టోన్ని రఘుబీర్ అన్నది. వాడు లేచి నడిచినంక, "తప్పు చెప్పిన, మాఫ్ చెయ్యాలె, ఆయన మహిపాల్" అని నవ్వింది. కృష్ణకాంత్ గూడ మైకులనే నవ్విండు.

పదకొండో నిమిషం కెమెరాలు వచ్చినయి. అప్పుడే కూతకు పోతున్న ఆటగాని ఈపు తెర నిండ కనపడ్డది. స్వర్ణ చెప్పిన పేరే ఉన్నది. చెవిల దామోదర్ ఈల వేసిండు.

ఆట అయినంక కృష్ణకాంత్ హెడ్‌ఫోన్లు తీసి అడిగిండు. "ఎలా పోల్చుకున్నావమ్మా?"

"మా నాయిన మందల నూట ఎనబై గొర్లుంటయి సార్. ఒక్కదానికి నంబర్ లేదు. దూరంకెల్లి నడక చూసి ఏది తక్కువైందో చెప్తడు. చిన్నప్పుడు నాతోని గూడ చెప్పిచ్చెటోడు. నాకు పలక కంటె ముందు అదే చదువు."

"అయితే నన్నూ దూరం నుంచి పోలుస్తావా?"

"మీరు మెట్లెక్కుతుంటె జేబుల తాళాలు పట్టుకుంటరు సార్, సప్పుడు గాకుండ."

ఆయన జేబు తడుముకొని పకపక నవ్విండు. ఆ తెల్లారి దామోదర్ దగ్గరికి పోయి, "కబడ్డీకి మొదటి కుర్చీ ఆమెకివ్వండి. నాకు క్రికెట్ వచ్చు, ఆమెకు కబడ్డీ వచ్చు. ఇందులో మొహమాటం ఎందుకు?" అన్నడు. ఫైనల్ స్వర్ణ చెప్పింది. కృష్ణకాంత్ సారు పక్క కుర్చీల కూసొని సందు దొరికినప్పుడల్లా పాయింట్లు చెప్పిండు.

ఫైనలైన వారానికి ఊరికి బయలెల్లింది. బస్సు నార్కట్‌పల్లిల ఒక హోటల్ ముంగట ఆగింది. ఆమె కౌంటర్ కాడికి పోయి, "అన్నా, ఒక చాయ్, చక్కెర తక్కువ" అన్నది.

దోసె తింటున్న పెద్దాయన తిరిగి చూసిండు. "ఏ బిడ్డా, గీ గొంతు టీవీలది గాదా?"

మొఖం ఎవరికీ తెల్వదు, గొంతు అందరికీ తెలుసు. బల్లల కాడోళ్లంత లేచి చుట్టు మూగిన్రు. ఏమన్న చెప్పమని ఒకటే జిద్దు.

"ఇక్కడ ఆటేదన్నా?" అన్నది స్వర్ణ.

అప్పుడే "హనుమంతూ, చాయ్‌లు జల్ది!" అని కౌంటర్ కాడికెల్లి కేక వడ్డది. సర్వర్ ఒక్క పళ్లెంల ఎనిమిది గ్లాసులు పెట్టుకొని జనంల పడ్డడు. స్వర్ణ గొంతు లేసింది.

"ఎనిమిది చాయ్‌లతోని ఒంటరిగ దిగిండు హనుమంతు! ఎడమ దిక్కు సూట్‌కేస్, తప్పిచ్చుకున్నడు! ముంగట చిన్న పిల్ల, గిరుక్కున తిరిగిండు! ఒక్క చుక్క ఒలకలే! బయట డ్రైవర్ హారన్ కొడుతుండు, టైం లేదు..."

హనుమంతుకు నవ్వాగుత లేదు, పళ్లెం ఊగుతాంది. జనం చప్పట్లు కొడుతున్నరు. కండక్టర్ 'రైట్ రైట్' అనుడు మరిచి, తలుపు కాడ నిలవడి ఎనిమిదో గ్లాసు బల్ల మీదికి చేరేదాంక చూసిండు.