లోపల వదిలిన గుడ్డ

సన్నబడటానికి కడుపు కోయించుకోవాలనుకునేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. డాక్టరు కంటే ముందు చుట్టాలు కోసేస్తారు, అదీ మత్తుమందు లేకుండా.

నాకు సోమవారం ఆపరేషన్. పొట్టలో చాలా భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టేస్తారట. ఈ మాట బయటపెట్టిన దగ్గర్నుంచి మా మావయ్యకి చేతినిండా పని దొరికింది. ఆయన మా అమ్మకి తమ్ముడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు, ఇప్పుడు వైద్యం చెబుతున్నాడు. నోరు కట్టుకుంటే సరిపోయేదానికి కడుపు కోయించుకోవడం ఏమిటని ఆయన ప్రశ్న. ఆ ముక్క అనేటప్పుడు ఆయన చొక్కా గుండీలు రెండు ఊపిరి బిగబట్టి ఉంటాయి. మగాడి పొట్టయితే హోదా. నాదయితే కుటుంబ సమస్య. నన్ను ఆయన పసితనం నుంచీ బొద్దూ అనే పిలుస్తాడు, ముద్దుగానే అంటాడు.

ఆఫీసువాళ్ళు ఇంకా మర్యాదస్తులు. నేను రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేస్తాను. చేతులున్న కుర్చీలో పట్టను కాబట్టి స్టోర్స్ గుమాస్తా ఎక్కణ్ణుంచో చేతుల్లేని కుర్చీ తెప్పించి పెట్టాడు. నేను సెలవు అడిగిన రోజు వచ్చి, ఆపరేషనయ్యాక ఆ కుర్చీ స్టోరుకి పంపేస్తారు కదా అన్నాడు. సరేనన్నాను. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఎందుకైనా మంచిది మేడం, ఉండనివ్వండి."

ఆ దయకి నా ఒళ్ళు మండిపోయింది.

చుట్టాలందరి చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, మా పెద్దమ్మ కూతురు. నాకు అక్క. కొన్నేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ చేయించుకుని, గుర్తుపట్టలేనంత సన్నబడింది. పాత బట్టలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేసింది. మా అమ్మ చేత కొత్తవి కుట్టించుకుని, ఇంటింటికీ తిరిగి చూపించుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఒళ్ళు చేయడం మొదలయింది. అంతే, అందరికీ మొహం చాటేసింది. పెళ్ళికి రాదు, చావుకి రాదు, ఫోనెత్తదు. పోయిందంతా వడ్డీతో సహా తిరిగొచ్చిందని మావయ్య అంటాడు. నువ్వు చూశావా అంటే, చూడక్కర్లేదంటాడు.

నాకూ ఆమె అంటే చులకనే. అంత పెద్ద అవకాశాన్ని నోట్లో వేసుకుని నమిలేసిన మనిషిని చూసి ఏం గౌరవిస్తాం? అలా తిట్టుకుంటూనే అద్దం ముందు నిలబడితే, అందులో ఆమే కనిపిస్తుంది. నాకు చచ్చేంత భయంగా ఉంది. కత్తికి భయపడే వయసు దాటిపోయింది. కోయించుకుని, సన్నబడి, అందరిచేతా ఆహా అనిపించుకుని, చివరికి మళ్ళీ ఆ చేతుల్లేని కుర్చీలోనే వచ్చి కూలబడతానేమోనని భయం.

ఇంట్లో అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. అమ్మ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. వీధి గదిలో కిటికీ పక్కన ఆమె మిషను ఉంటుంది. అమ్మకి మాటలు తక్కువ, ఆమె అభిప్రాయాలన్నీ కుట్ల లోపల ఉంటాయి. కొలతలివ్వడానికి వచ్చిన మనిషిని ఒకసారి పైనుంచి కింది దాకా చూసి, పక్క కుట్ల లోపల ఎంత గుడ్డ వదలాలో తేల్చేసుకుంటుంది. సన్నబడిపోతున్నాను, బిగువుగా కుట్టండి అని గొప్పలు పోయేవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ వదులుతుంది. కొన్నాళ్ళకి వాళ్ళే కుట్లు విప్పించుకోవడానికి వచ్చి, ఎంత ముందుచూపో అని మెచ్చుకుంటారు. అది తీర్పు అని వాళ్ళకి తెలియదు. చిన్నప్పటి నుంచీ ఆ పక్కనే కూర్చుని కాజాలు కుట్టిన నాకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మిషను పక్కన కొక్కేనికి కొత్త గౌను వేలాడుతోంది. ముదురు నీలం రంగు. అంత సన్నటి నడుము మా ఇంట్లో ఎవరికీ లేదు. నువ్వు తేరుకున్నాక వేసుకుందువుగాని అంది అమ్మ. ఇంతమందిలో ఒక్క మనిషైనా నమ్మిందనుకున్నాను. తర్వాత, అలవాటు కొద్దీ, గౌను తిరగేసి చూశాను.

లోపల రెండు పక్కలా అరచెయ్యంత వెడల్పున గుడ్డ మడిచి ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకి కూడా అమ్మ అంత వదలదు.

గౌను తీసి ఆమె ఒళ్ళో పడేశాను. మావయ్యే నయం, అనేదేదో మొహం మీదే అంటాడన్నాను. నువ్వు మాత్రం చక్కగా మడతపెట్టి, పైన ఇస్త్రీ కూడా చేశావన్నాను. స్టోర్స్ గుమాస్తా మీది కోపం కూడా అక్కడే దులిపేసుకున్నాను. అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ అంతా వింది.

"మీ అక్కకి వదల్లేదే," అంది చివరికి.

"ఏం వదల్లేదు?"

"గుడ్డ. నేనింక లావయ్యే ప్రసక్తే లేదు పిన్నీ, లోపలేమీ ఉంచకు అంది. దాని సంబరం చూసి నేనూ మురిసిపోయి అంచుదాకా కత్తిరించేశాను. కాస్త ఒళ్ళు రాగానే ఒక్కటీ పట్టలేదు. విప్పుదామంటే లోపల ఏముంది? ఉండుంటే, విప్పించుకోవడానికైనా నా దగ్గరికి వచ్చేది కదా."

నేను ఆమె ఒళ్ళోంచి గౌను తీసుకున్నాను.

"నువ్వు సన్నంగా ఉండిపోతావో, మళ్ళీ లావవుతావో నాకేం తెలుసు. ఏమైనా సరే, నా దగ్గరికి వస్తావని వదిలాను."

మర్నాడు ఇద్దరం అక్క ఇంటికి బయల్దేరాం. ఆలోచన నాదే. అమ్మ మెడలో టేపుతోనే బస్సెక్కింది. అక్క తలుపు కొంచెం తీసి, మమ్మల్ని చూసి మళ్ళీ వెయ్యబోయింది. అమ్మ కాలు అడ్డం పెట్టింది. అక్క ఒంటి మీద బావ చొక్కా, మోకాళ్ళ దగ్గర సాగిపోయిన పైజామా ఉన్నాయి.

అమ్మ కుశలప్రశ్నల జోలికి పోలేదు. చేతులెత్తమంది. ఆ గొంతుకి అలవాటుపడ్డ మనిషి కాబట్టి అక్క ఎత్తేసింది. మామూలుగా అమ్మ కొలతలు పైకి చదువుతుంది, నేను రాసుకుంటాను. ఈసారి నడుము చుట్టూ టేపు పెట్టి పెదవులు మాత్రం కదిపింది.

"పైకే చెప్పు పిన్నీ," అంది అక్క గోడకేసి చూస్తూ. "అందరూ చెప్పుకుంటున్నదేగా."

అమ్మ చెప్పలేదు. టేపు తీసి, ఇప్పటి కొలత దగ్గర బొటనవేలు, ఆపరేషనుకి ముందటి కొలత దగ్గర చిటికెనవేలు పెట్టింది. ఆమె మనుషుల పేర్లు మరిచిపోతుందేమో గానీ నడుములు మరిచిపోదు. రెండు వేళ్ళ మధ్య జానెడు టేపు ఉంది, అప్పటికంటే ఇప్పుడు అంత తక్కువ.

అక్క ఆ జానెడు వైపు చూస్తూ నిలబడిపోయింది. సన్న బట్టలు పట్టని రోజు నుంచీ తూకం చూసుకోవడం మానేసిందట. అంతా తిరిగొచ్చేసిందని అందరూ అంటుంటే, అదే నిజమనుకుందట. వాళ్ళెవరూ ఆమెని చూడనే లేదు.

నేను వచ్చిన పని అప్పుడు అడిగాను. ఆపరేషన్ పనికిరాలేదా అని.

"మోకాళ్ళ నొప్పి మళ్ళీ రాలేదు. షుగరు మాత్రలు మానేశాను," అంది. "అవి ఎవరికీ కనపడవు కదే. సన్నంగా కనపడటమే నా ఉద్యోగం అనుకున్నాను. అది ఊడిపోయింది. నువ్వు చేయించుకో. కాకపోతే ఇంటింటికీ తిరిగి చూపించుకోకు."

లోపల ఎంత వదలమంటావని అడిగింది అమ్మ. నా గౌను సంగతి చెప్పాను. దానికి వదిలినంత నాకూ వదులు అంది అక్క.

సోమవారం ఆస్పత్రి వరండాలో మావయ్య ముందే వచ్చి కూర్చున్నాడు. చివరి నిమిషంలో కూడా సలహా ఇవ్వకపోతే ఆయనకి ముద్ద దిగదు.

"ఇంకా మించిపోయింది లేదు బొద్దూ. ఒక్కసారి మీ అక్కని చూడు."

నేను పక్కకి తప్పుకున్నాను. నా వెనకాల, అమ్మ ఆదివారమంతా కూర్చుని కుట్టిన ఆకుపచ్చ గౌనులో అక్క నిలబడి ఉంది.

"చూడు మావయ్యా," అంది.

ఆయన చూశాడు. తర్వాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

నర్సు వచ్చి పిలిచింది. భయం రవ్వంత కూడా తగ్గలేదు. చేతిలో సంచి అమ్మకిచ్చి లోపలికి నడిచాను. నీలం గౌను ఆ సంచిలోనే ఉంది. దాని లోపలి గుడ్డ అలాగే ఉండనిచ్చాను.