హెప్సీ వండిన పరమాణువు

ఆవిరి.

రాగి బాన మూత తీయగానే గుప్పున లేచే ఆవిరి. ఎండుద్రాక్ష వాసన, జాజికాయ వాసన, గుడ్డలో మూటకట్టి పొద్దంతా ఉడికించిన పిండి వాసన. బయట మిల్లు గొట్టాల పొగ, వాన... లోపల హెప్సీ ఆవిరి.

హెప్సీ నా భార్య.

వండేది పుడ్డింగు. వడ్డించేది పరమాణువు.

మిల్లు పనివాళ్ళు చదువుకునే సాయంకాలపు బడికి నేను కాపలాదారుని. ఏటా క్రిస్మస్‌కు ముందు పిల్లింగ్ ప్రొఫెసరుగారు మాంచెస్టర్ నుంచి రైల్లో వచ్చి, లోకం దేనితో తయారైందో చెప్పిపోయేవారు.

అంతకుముందు ఆ కాపలా మా నాన్నది. అప్పట్లో పరమాణువంటే గుండు. చెక్కతో చేసి బల్ల మీద పెట్టేవారు. గట్టిది, నునుపైనది, పగలనిది... దొర్లేది. ఒకసారి దొర్లి దొర్లి, వీధి దాటి బీరుకొట్టు దాకా పోయిందట. వెతకబోయిన నాన్న మర్నాటికి గానీ తిరిగిరాలేదు.

తర్వాత కబురొచ్చింది — గుండు కాదట. మెత్తని ముద్దట. పుడ్డింగులో ఎండుద్రాక్షల్లా అందులో ఎలక్ట్రాన్లట.

హెప్సీ ఆ మాట వింది. మర్నాడే బాన పొయ్యెక్కించింది.

అప్పటినుంచి మా బడికి పరమాణువు పొగలు కక్కుతూ వచ్చేది. ప్రొఫెసరుగారు బెత్తంతో ద్రాక్షలు చూపించేవారు. పాఠం అయ్యాక పరమాణువును కోసుకుని తినేవాళ్ళం. వండినామెకు ముందు వరుసలో కుర్చీ. మిల్లు యజమాని భార్య పక్కన, ఈకల టోపీతో, హెప్సీ.

ఆ కుర్చీ... ఏడాదంతా ఆ కుర్చీ కోసమే.

ఒక ఏడు ప్రొఫెసరుగారు ముందుగానే వచ్చి గొంతు సవరించుకున్నారు.

"ఈసారి పుడ్డింగు వద్దమ్మా. పరమాణువు మారింది. నడుమ ఇసుమంత గింజ. చుట్టూ అంతా ఖాళీ."

"ఖాళీని ఎట్లా ఉడకబెట్టేది, పంతులుగారూ?"

"ఉడకబెట్టక్కర్లేదు."

"మరి నేనెక్కడ కూర్చునేది?"

ఆయన తన బూట్ల వంక చూసుకున్నారు.

అయినా హెప్సీ పిండి కలిపింది. కలిపేటప్పుడు అందులో వెండి నాణెం వేస్తాం, ఇంటిల్లిపాదీ తలా ఒక తిప్పు తిప్పి మనసులో కోరిక కోరుకుంటాం. ఆ ఏడు హెప్సీ పళ్ళు బిగించి తిప్పింది. ఏం కోరుకుందో నేను అడగలేదు. నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

పాఠం మొదలైంది. పలచని బంగారు రేకు మీదికి రేణువులు వదిలారట. దాదాపు అన్నీ దూసుకుపోయాయట. ఏ కొన్నో నడుమ గింజకు తగిలి వెనక్కి తుళ్ళాయట...

వెనక వరుసలో నేతగాడు జేబెజ్‌కు ఆకలి ఆగలేదు. లేచొచ్చి, హెప్సీ తెచ్చి బల్ల మీద పెట్టిన పుడ్డింగులో కత్తి దించాడు. మెత్తగా దిగింది, దిగింది — ఠంగుమంది. కత్తి ఎగిరి ప్రొఫెసరుగారి టోపీకి గుచ్చుకుంది. ఆయన మాకే వదిలేసి వెళ్ళిన ఆ టోపీకి చిల్లు ఇప్పటికీ ఉంది. నమ్మనివాళ్ళు వస్తే చూపిస్తాను.

"గింజ నా దాంట్లో మొదట్నుంచీ ఉంది, పంతులుగారూ. మీకే ఆలస్యంగా తగిలింది," అంది హెప్సీ.

"మరి ఖాళీ ఏదమ్మా?"

"కాస్త ఆగండి సార్," అన్నాడు జేబెజ్ నోటినిండా పెట్టుకుని.

కాసేపటికి పళ్ళెం నడుమ నాణెం. చుట్టూ అంతా ఖాళీ.

కుర్చీ నిలిచింది.

తర్వాత ఎలక్ట్రాన్లు గింజ చుట్టూ వలయాల్లో తిరుగుతాయన్నారు. హెప్సీ అల్లం బిస్కెట్లు వలయాలుగా కాల్చి, ఒకదానిలో ఒకటి పేర్చింది. కుర్చీ నిలిచింది.

ఆ తర్వాత — ఆయన జుట్టు తెల్లబడ్డాక, మా జుట్టు ఊడాక — వలయాలూ లేవన్నారు.

"మబ్బులాంటిదమ్మా. ఎలక్ట్రాను ఇక్కడుండవచ్చు, అక్కడుండవచ్చు. ఫలానా చోట అని చెప్పలేం."

పాపం, చాలా మెల్లగా చెప్పారు.

హెప్సీ ఈకల టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు దాని ఈకలు దువ్వింది. తర్వాత మళ్ళీ పెట్టుకుంది.

"ఏమయ్యా, పొయ్యి మీద ఉడుకుతున్న బాన పట్టుకురా. మూత తీశావో, చూడు."

మోసుకొచ్చాను. నడుము ఇప్పటికీ సరికాలేదు. బల్ల మీద పెట్టాను. హెప్సీ మూత ఎత్తింది.

ప్రొఫెసరుగారి కళ్ళద్దాలు తెల్లబడ్డాయి. నల్లబల్ల చెమర్చింది. యజమాని భార్య టోపీ వాలిపోయింది. పక్కవాడు పక్కవాడికి కనపడలేదు.

"ద్రాక్షలేవీ?" జేబెజ్ గొంతు.

"ఉన్నాయి. ఎక్కడో."

హెప్సీ గొంతే. కానీ ఎటు నుంచి? బాన దగ్గర నుంచా... ముందు కుర్చీలో నుంచా...

ప్రొఫెసరుగారు నవ్వుతున్నారో, దగ్గుతున్నారో.

నేను చెయ్యి చాచి తడిమాను. ఎండుద్రాక్ష వాసన, జాజికాయ వాసన. చేతికి ఒక ఈక తగిలింది, తప్పుకుంది...

ఆవిరి.